సొంతూరు, బెంగళూరు: గుండె ముప్పు ఎక్కడి నుంచి వస్తుంది?

మిగతా వారికీ తెలియడానికి మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీ సొంతూరు మదనపల్లె దగ్గర. నాన్నగారికి 51 ఏళ్లకే గుండెపోటు వచ్చింది, స్టెంటు వేశారు. అన్నయ్య ఊళ్లోనే ఉండి వ్యవసాయం చూసుకుంటున్నారు. మీరు చదువు కాగానే బెంగళూరు వచ్చి, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడే స్థిరపడ్డారు. మీ వయసు 38. బాబుకు పదేళ్లు, కాస్త బొద్దుగా ఉంటాడు. పాప 2.3 కిలోల బరువుతో పుట్టింది, ఇప్పుడు ఏడాది నిండింది. మీ కుటుంబానికి గుండె ముప్పు ఊరి నుంచి వచ్చిందా, బెంగళూరు నుంచి వచ్చిందా, పిల్లల్ని ఊళ్లో పెంచితే అది తప్పుతుందా అన్నది మీ సందేహం.

నేను బెంగళూరులోనే వైద్యుడిని. గుండె జబ్బు రాకముందే పట్టుకోవడం మీద ఎక్కువగా పనిచేశాను. చిత్తూరు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. మీ ప్రశ్నకు సూటి జవాబు: రెండింటి నుంచీ వచ్చింది. ఎంతెంత అని పాళ్లు వేసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఏ ఊరు మంచిది అని ఆలోచించడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. మనిషి ఏ వయసులో ఎక్కడ ఉన్నాడు, అప్పుడు ఏం తిన్నాడు, ఆ తర్వాత ఆ తిండి ఎంత వేగంగా మారింది అన్నవే లెక్కకు వస్తాయి. ఆ లెక్కన మీ ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో పరిస్థితి. అందుకే జవాబు పొడవైంది.

ప్రాంతానికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని చాలా ఓపిగ్గా తవ్వినవాళ్లు ఫిన్లాండు పరిశోధకులు. 1970ల మొదట్లో ఆ దేశపు తూర్పు భాగంలో మగవాళ్ల గుండె మరణాలు ప్రపంచంలోనే అత్యధిక స్థాయిలో ఉండేవి. పడమటి భాగంలో అంత లేవు. తూర్పున ఉన్న నార్త్ కరేలియాలో 1972లో పెక్కా పుస్కా అనే యువ వైద్యుడి నాయకత్వంలో ఒక కార్యక్రమం మొదలైంది. వెన్న వాడకం, ఉప్పు, పొగాకు తగ్గించడం, బీపీకి క్రమంగా మందులు వాడించడం, ఇంతే అందులోని పని. నాలుగు దశాబ్దాల్లో అక్కడ పనిచేసే వయసున్న మగవాళ్లలో గుండె మరణాలు 80 శాతానికి పైగా పడిపోయాయి. జనం పాతవాళ్లే, చలీ పాతదే.

ఇక్కడితో ఆగితే అంతా తిండీ అలవాట్లే అనిపిస్తుంది. అదే దేశంలో 1980లో మూడేళ్ల నుంచి 18 ఏళ్ల వయసున్న 3,596 మంది పిల్లల్ని నమోదు చేసుకుని, దశాబ్దాల పాటు వెంటపడి చూశారు. వాళ్లు పెద్దవాళ్లయ్యాక మెడలోని రక్తనాళాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే, తూర్పు మూలాలున్న వాళ్లలో నాళం గోడ మందంగా కనిపించింది. తాతలు, అవ్వలు నలుగురిలో ఎంతమంది తూర్పున పుట్టి ఉంటే మందం అంత ఎక్కువ. అంటే మీ అవ్వాతాతల ఊరు మీ రక్తనాళాల మీద ఒక గుర్తు వేసే ఉంటుంది. దాన్ని చెరపలేం. కానీ ఆ గుర్తు ఉన్నవాళ్ల ప్రాంతంలోనే మరణాలు అయిదో వంతుకు దిగాయి. ఈ రెండు విషయాలనూ కలిపి గుర్తుపెట్టుకోమని నా దగ్గరకు వచ్చేవారికి చెబుతుంటాను. ఒకదాన్నే గుర్తుపెట్టుకున్నవారు భయంతో కుంగిపోతారు, లేదా మరీ ధీమాగా తిరుగుతారు.

ఇక పాప సంగతి. మీ ఇంట్లో అందరికంటే దీర్ఘంగా ఆలోచించాల్సింది తన గురించే. అయితే మీరు అనుకుంటున్న కారణంతో కాదు.

పుట్టినప్పటి బరువుకూ నడివయసు గుండెకూ లంకె ఉందన్న మాట ఇంగ్లండులో మొదలైంది. డేవిడ్ బార్కర్, క్లైవ్ ఆస్మండ్ 1986లో ప్రచురించిన పరిశీలనలో, 1920ల్లో పసిపిల్లలు ఎక్కువగా చనిపోయిన ప్రాంతాల్లోనే 1968–78 మధ్య గుండె మరణాలు కూడా ఎక్కువగా తేలాయి. తల్లుల పేదరికం, అరకొర తిండి కడుపులోని బిడ్డ మీద వేసిన ముద్ర అరవై ఏళ్ల వయసులో బయటపడుతోందని వాళ్ల వాదన. ఇది పరాయి దేశపు గొడవ అనుకోవద్దు. ఇక్కడి నుంచి మూడు గంటల దూరంలో, మైసూరులో హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రి ఉంది. ఊరివాళ్లకు అది మిషన్ ఆసుపత్రి. 1934 నుంచి అక్కడ పుట్టిన బిడ్డల బరువు, పొడవు, తల చుట్టుకొలత రాసిన రిజిస్టర్లు భద్రంగా దొరికాయి. ఆ బిడ్డల్లో ఊళ్లోనే మిగిలిన వారిని పెద్దయ్యాక వెతికి పరీక్షించి, 1996లో ఫలితాలు వెల్లడించారు. 45 ఏళ్లు దాటినవారిలో, రెండున్నర కిలోలు లేదా అంతకంటే తక్కువ బరువుతో పుట్టినవారికి గుండె జబ్బు, మూడు కిలోల పైచిలుకు బరువుతో పుట్టినవారి కంటే మూడు రెట్లకు పైగా ఎక్కువగా ఉంది.

పుణె దగ్గరి పల్లెల్లో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం ఇంకొక మెలిక చూపించింది. అక్కడి బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు బిడ్డలది 3.5 కిలోలు. మన బిడ్డలు సన్నం, కండ తక్కువ. కానీ చర్మం కింది కొవ్వు మాత్రం బరువు తగ్గినంతగా తగ్గలేదు. మన ఒంటి తీరు పుట్టుకతోనే అలా ఉంటోంది: చూడటానికి బక్కపలచన, లోపల కొవ్వు పాలు ఎక్కువ. యాజ్ఞిక్ గారు 2004లో తన బ్రిటిష్ సహచరుడితో కలిసి తీయించుకున్న ఫోటో వైద్యుల్లో బాగా పేరుపొందింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే అంకె) 22.3. బ్రిటిష్ ఆయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన ఆయన ఒంట్లో 21.2 శాతం.

ఇదంతా విని పాపను లావు చేయాలని తొందరపడకండి. ఢిల్లీలో పుట్టినప్పటి నుంచి బరువు, ఎత్తు కొలుస్తూ వచ్చిన 1,492 మందిని 26–32 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్షించారు. 2004లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం షుగరు, షుగరుకు ముందు దశ ఎక్కువగా కనిపించింది రెండేళ్ల లోపు సన్నగా ఉండి, ఆ తర్వాత బరువు వేగంగా పెరుగుతూ పోయిన పిల్లల్లో. వాళ్లలో ఎక్కువమంది చిన్నప్పుడు లావు పిల్లలు కూడా కారు. చూసేవాళ్లకు మామూలు పిల్లల్లాగే ఉన్నారు, తమ పాత కొలతలతో పోలిస్తేనే ఆ పెరుగుదల కనబడుతుంది. చిన్నగా పుట్టిన బిడ్డ రెండేళ్లలోపు ఎత్తు, బరువు రెండూ కూడగట్టుకోవడం మంచిదే. ఆ తర్వాత ఎత్తు నెమ్మదిగా, బరువు గబగబా పెరగడం మొదలైతేనే చిక్కు.

మన ఇళ్లలో జరిగేది సరిగ్గా ఇదే. బిడ్డ చిన్నగా పుట్టిందన్న బెంగతో అమ్మమ్మ ఒక వైపు, నానమ్మ ఒక వైపు తినిపిస్తూనే ఉంటారు. ముద్ద అన్నంలో నెయ్యి, పాలలో రెండు చెంచాల పొడి, మధ్యమధ్యలో బిస్కెట్లు. ఆ పొడి డబ్బాల మీద ఎత్తు పెరుగుతున్న పిల్లల బొమ్మ ఉంటుంది, లోపల చాలావాటిలో చక్కెర బాగానే ఉంటుంది. పాపకు తల్లిపాలు ఇంకా ఇస్తుంటే ఆపకండి. మిగతాది గుడ్డు, పప్పు, పెరుగు, మెత్తగా ఉడికించిన కూరగాయలు, రాగి జావ. ప్రతి టీకా రోజున బరువుతో పాటు పొడవు కూడా కార్డులో రాయించండి. బరువు మాత్రమే రాసి పంపే చోట అడిగి మరీ పొడవు కొలిపించండి. మూడేళ్లు దాటాక ఏడాదికోసారి బీపీ చూపించండి. పిల్లలకు బీపీ చూడటం ఏమిటని కొందరు నవ్వుతారు, నవ్వనివ్వండి. పట్టీ మాత్రం పిల్లల చేతికి సరిపడేది ఉండాలి.

బాబు విషయంలో నాకు కనబడుతున్నది వేరు. పదేళ్ల బొద్దు పిల్లవాడు, 51 ఏళ్లకే గుండెపోటు వచ్చిన తాత. మగవారికి 55 ఏళ్ల లోపు, ఆడవారికి 65 ఏళ్ల లోపు గుండె జబ్బు వస్తే దాన్ని తొందరగా వచ్చినట్టు లెక్కిస్తాం. పిల్లల విషయంలో తల్లిదండ్రుల చరిత్రతో పాటు తాతల, మేనమామల చరిత్రా చూస్తాం. అమెరికా పిల్లల వైద్యుల మార్గదర్శకాల్లో తొమ్మిది నుంచి పదకొండేళ్ల మధ్య ఒకసారి అందరు పిల్లలకూ కొలెస్ట్రాల్ చూడమని ఉంది. మన దగ్గర అందరికీ అవసరమా అని వాదించే వైద్యులు ఉన్నారు. మీ బాబుకు అవసరమా అన్న దాని మీద నాకు సందేహమే లేదు. ఈ వేసవి సెలవుల్లో చేయించండి. టేపు పెట్టి నడుము కొలవండి; ఎత్తులో సగం దాటకూడదు. మెడ వెనక, చంకల్లో నల్లగా, దళసరిగా చార కనబడుతోందా చూడండి. చాలామంది తల్లులు దాన్ని మురికి అనుకుని సున్నిపిండి పెట్టి పిల్లవాడు ఏడ్చేదాకా రుద్దుతారు. అది ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చర్మం చూపించే గుర్తు. రుద్దితే పోదు, బరువు తగ్గితే పలచబడుతుంది.

చిన్నప్పటి కొలతలు పెద్దయ్యాక నిజంగా గుండెపోటు దాకా వెళతాయా అన్నదానికి ఇప్పుడు గట్టి సాక్ష్యమే ఉంది. ఫిన్లాండు, అమెరికా, ఆస్ట్రేలియాల్లో పిల్లలుగా నమోదైన 38,589 మందిని సగటున 35 ఏళ్ల పాటు గమనించి 2022లో ప్రచురించారు. బీఎంఐ, బీపీ, కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు, చిన్న వయసు పొగ అలవాటు, ఈ అయిదూ పెద్దయ్యాక వచ్చే గుండె జబ్బుతో ముడిపడే ఉన్నాయని తేలింది. దానికంటే ముందు, 2011లో అదే పరిశోధకుల బృందం చెప్పిన ఇంకో సంగతి మీకు ఎక్కువ పనికొస్తుంది: చిన్నప్పుడు లావుగా ఉండి, పెద్దయ్యేసరికి సన్నబడిన వారికి షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ ముప్పు ఎప్పుడూ లావు కాని వారితో సమానంగానే ఉంది. మీ బాబుకు బోలెడంత సమయం ఉంది. వాణ్ని డైటింగ్ పేరుతో ఏడిపించవద్దు. ఎత్తు పెరిగే వయసు కాబట్టి బరువు ఉన్నచోట ఆగితే చాలు, మిగతాది ఎత్తే సరిచేస్తుంది. స్కూలు బస్సు దిగగానే బేకరీలో పఫ్, జ్యూసు కొనిచ్చే అలవాటు ఉంటే అది మానండి. అపార్టుమెంటు కింద సైకిల్ తొక్కనివ్వండి. మీ కాలనీలో పిల్లలు ఆడుకునే స్థలం లేకపోతే దాని గురించి సంఘంలో గొడవ పెట్టుకోండి. పార్కింగు కోసం పోట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆటస్థలం కోసం నేను అంతగా చూడలేదు.

ఇప్పుడు మీరు. మీ ప్రశ్నకు అతి దగ్గరగా వచ్చే పరిశోధన మన దేశంలోనే, కొంత మన బెంగళూరులోనే జరిగింది. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు నగరాల్లోని ఫ్యాక్టరీల్లో పల్లెల నుంచి వచ్చి పనిచేస్తున్న వారిని తీసుకుని, ఊళ్లోనే ఉండిపోయిన వారి తోబుట్టువులతో పోల్చారు. బెంగళూరులో ఆ ఫ్యాక్టరీ హెచ్‌ఎంటీ. తల్లిదండ్రులు వారే, చిన్ననాటి తిండీ అదే, తర్వాతి చోటు వేరు. మీరూ మీ అన్నయ్యా అన్నమాట. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో మగవారి ఊబకాయం పల్లెలో 19 శాతం, వలస వచ్చినవారిలో 37.8, నగరంలోనే పుట్టి పెరిగినవారిలో 41.9. షుగరు పల్లెలో 6.2 శాతం ఉంటే వలస వచ్చినవారిలో 14.3 శాతం, నగరవాసులను కూడా కాస్త దాటేసింది. మరుసటి ఏడాది అదే సమాచారాన్ని ఇంకాస్త లోతుగా చూస్తే, నగరానికి వచ్చిన మొదటి పదేళ్లలోనే ఒంట్లో కొవ్వు గబగబా పెరిగిపోతోందనీ, బీపీ, ఇన్సులిన్ లాంటివి ఆ తర్వాతి దశాబ్దాల్లో మెల్లగా ఎక్కుతున్నాయనీ తేలింది.

మీరు ఆ మొదటి దశ దాటి రెండో దశలో ఉన్నారు. పొట్ట వచ్చేసి ఉంటుంది, రిపోర్టులు ఇంకా బాగానే ఉండి ఉంటాయి. కంపెనీవాళ్లు ఏటా చేయించే పరీక్షల్లో అన్నీ సరిగానే ఉన్నాయని మీరు రాసిన వాక్యం చూసే ఈ మాట అంటున్నాను. మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు 53, మిగతా దేశాల వాళ్లకు 59 అని 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో తేలింది. బెంగళూరు జయదేవ ఆసుపత్రి 40 ఏళ్ల లోపు గుండెపోటు రోగుల కోసం ప్రత్యేకంగా ఒక రిజిస్టరే పెట్టాల్సి వచ్చింది. కాబట్టి 45 దాటాక చూద్దాం అనుకోవడానికి మీకు వీలు లేదు. నడుము 90 సెంటీమీటర్లు దాటిందా చూడండి. బీపీ ఇంట్లోనే కొలవండి. మూడు నెలల సగటు షుగరు, రక్తంలో కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. కంపెనీ ప్యాకేజీలో సాధారణంగా ఉండనిది ఒకటి ఉంది: లైపోప్రొటీన్-ఎ, అంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం. అది వంశపారంపర్యంగా వస్తుంది, తిండితో పెద్దగా మారదు, జీవితంలో ఒక్కసారి చూస్తే సరిపోతుంది. మన వాళ్లలో సుమారు నాలుగింట ఒకరికి ఎక్కువగా ఉంటుంది. మీకు ఎక్కువని తేలితే బీపీ, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి. పొగ తాగుతారో లేదో మీరు రాయలేదు. తాగుతుంటే ఈ పరీక్షలన్నిటికంటే ముందు అది మానాలి.

అన్నయ్య క్షేమం అనుకుంటున్నారు. ఇక్కడే నాకు మీతో గట్టి అభ్యంతరం. 17 దేశాల్లో జరిగిన ప్యూర్ పరిశోధన 2014లో ఒక విచిత్రం చూపించింది. పేద దేశాల్లో, పల్లెల్లో షుగరు, కొవ్వు, లావు లాంటి ముప్పులు తక్కువే. కానీ గుండెపోటుతో చనిపోయేవారు మాత్రం ఎక్కువ. కారణం పెద్దగా వెతకాల్సిన పని లేదు. బీపీ ఉన్నట్టు తెలియదు, తెలిసినా మందు క్రమంగా వాడరు, నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు. మీ అన్నయ్య కూడా అదే తండ్రి కొడుకు. పైగా ఇప్పటి సేద్యం తాతల నాటిది కాదు, ట్రాక్టరు మీదా బైకు మీదా జరిగేది. అన్నయ్యకు కూడా మీకు చెప్పిన పరీక్షలన్నీ చేయించండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో లాగడం, చెమటలు వస్తే అరగంటలోపు ఈసీజీ తీసే చోటు ఏదో, గుండె నాళంలోని రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఏ ఆసుపత్రిలో ఉందో ముందే కనుక్కుని పెట్టండి. ఆ ఇంజెక్షన్ మొదటి మూడు గంటల్లో పడితే ఎక్కువ ఫలితం. నేరుగా బెంగళూరుకో తిరుపతికో కారులో బయలుదేరితే ఆ మూడు గంటలూ దారిలోనే పోతాయి.

రాష్ట్రాల లెక్కలు కూడా అడిగారు. 2018లో వెలువడిన జాతీయ అధ్యయనంలో గుండె జబ్బులు ఎక్కువగా ఉన్నవి కేరళ, పంజాబ్, తమిళనాడు. ఆ లెక్కల వల్ల మీకు ఉపయోగం తక్కువ. రాష్ట్రం సగటులో మీ అన్నయ్య, మీరు, మీ పిల్లలు ఎవరూ కనబడరు.

పిల్లల్ని ఊళ్లో పెంచే ఆలోచనకు వస్తాను. హైదరాబాద్ దగ్గర 29 పల్లెల్లో 1987–90 మధ్య ఒక ప్రయోగం జరిగింది. కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చారు, మిగతా పల్లెల్లో ఇంకా ఇవ్వలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక చూస్తే, ఆహారం అందిన పల్లెల వారిలో రక్తనాళాల బిరుసు తక్కువ, ఇన్సులిన్ పనితీరు మెరుగు. అందరం సంతోషించాం. వాళ్లు పూర్తిగా పెద్దవాళ్లయ్యాక మళ్లీ చూస్తే ఆ మేలు స్పష్టంగా మిగల్లేదు. దీన్ని బట్టి నేను అనుకునేదేమిటంటే, బాల్యంలో మంచి తిండి అవసరమే కానీ తర్వాతి ఇరవై ఏళ్ల తిండీ పనీ దాన్ని మింగేయగలవు. పైగా మీరు గుర్తుచేసుకుంటున్న ఊరు ఇప్పుడు అక్కడ లేదు. సంగటి, ఉలవచారు స్థానంలో పాలిష్ బియ్యం, పామాయిల్, అంగడి ముందు వేలాడే అయిదు రూపాయల చిప్స్ పొట్లాలు వచ్చి చాలా కాలమైంది. గొంతు నొప్పి తర్వాత కీళ్లు వాచే రుమాటిక్ జ్వరం, దాంతో గుండె కవాటాలు దెబ్బతినడం లాంటివి ఇరుకు ఇళ్లలో, వైద్యం అందని చోట ఇప్పటికీ ఉన్నాయి. సెలవులకు తప్పక పంపండి, తాతతో పొలంలో తిరగనివ్వండి. తల్లిదండ్రుల్ని వదిలి అక్కడ పెరిగితే గుండెకు లాభమని నేను చెప్పలేను.

ఒక మాట చాలాసేపటి నుంచి అడగాలనుకుంటున్నాను. ఇంత పెద్ద ప్రశ్నలో మీ భార్య గురించి ఒక్క ముక్క లేదు. పాప తక్కువ బరువుతో పుట్టడానికి కారణం గర్భంలో ఆమెకు బీపీ పెరగడమా? అలా అయితే ఆమెకు కూడా ముందు ముందు బీపీ, గుండె జబ్బు ముప్పు మిగతా స్త్రీల కంటే ఎక్కువ. కాన్పు అయిపోయింది కదా అని వదిలేయకుండా ఏటా బీపీ, షుగరు చూపించాలి. గర్భంలో షుగరు వచ్చి ఉన్నా అంతే. ఆమె కాన్పు ఫైలు తీసి చదవండి.

చివరగా ఒక పని. నాన్నగారి పాత కాగితాల్లో స్టెంటు వేసిన నాటి రక్తపరీక్ష వెతకండి, మందులు మొదలుపెట్టక ముందుది. అందులో ఎల్‌డీఎల్ 190 దాటి ఉంటే అది వంశపారంపర్య కొలెస్ట్రాల్ కావచ్చు, అప్పుడు లెక్క మారుతుంది. ముందు మీదీ అన్నయ్యదీ చూడాలి. మీకు లేదని తేలితే మీ పిల్లలకు ఆ దారిలో రాదు. మీకు ఉందని తేలితే బాబు పరీక్ష సెలవుల దాకా ఆపకుండా వెంటనే చేయించాలి, పాపకు రెండేళ్లు దాటాక చేయించాలి. ఆ అంకె దొరికాక ఇక్కడే రాయండి, అన్నయ్య రిపోర్టు కూడా జతచేస్తే ఇద్దరివీ కలిపి చూసి చెబుతాను.